ఆటగాడు ఆడనని కూర్చుంటే క్లబ్ ఏం చేయాలి? ఏ దారి ఎప్పుడు మంచిది?

2025 ఆగస్టులో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ న్యూకాసిల్ అభిమానులు రెండుగా చీలిపోయారు. వాళ్ల స్ట్రైకర్ అలెగ్జాండర్ ఇసాక్ కాంట్రాక్టు 2028 దాకా ఉంది. అయినా అతను జట్టుతో ఆసియా టూర్‌కి వెళ్లలేదు, పాత క్లబ్ రియల్ సొసియెడాడ్ మైదానంలో ఒంటరిగా ప్రాక్టీస్ చేసుకున్నాడు. లివర్‌పూల్‌కి వెళ్లాలన్నది అతని పట్టుదల. "వచ్చినంత తీసుకుని వదిలించుకోండి" అని కొందరు, "మూడేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టండి, బుద్ధొస్తుంది" అని మరికొందరు. రెండు మాటలూ కోపంలోంచి వచ్చినవే. క్లబ్ నడిపేవాళ్లు ఆ కోపంతో నిర్ణయం తీసుకుంటే నష్టపోయేది క్లబ్బే.

ఈ గొడవల్లో దారి ఎంచుకోవడానికి నేను మూడు విషయాలే చూస్తాను. అతను ఎందుకు ఆడనంటున్నాడు? కాంట్రాక్టు ఇంకా ఎంత కాలం ఉంది? డ్రెస్సింగ్ రూమ్ అతన్ని మళ్లీ రానిస్తుందా? ఆటగాడి పేరు, అభిమానుల గోల, పేపర్ల హెడ్డింగులు ఇవన్నీ తర్వాత. కాంట్రాక్టులో మిగిలిన కాలం మీద ఎక్కువ క్లబ్బులు పెట్టాల్సినంత దృష్టి పెట్టవు. బేరంలో క్లబ్ బలమంతా అక్కడే ఉంటుంది.

ముందు తప్పు ఎవరిదో తేల్చుకోవాలి

ఇది మనకు దగ్గరగా తెలిసిన కథే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తింది. రెండేళ్లు తిరక్కముందే అదే క్లబ్ జీతాల బకాయిల్లో కూరుకుపోయింది, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం కూడా పడింది. 2023-24 సీజన్ మధ్యలో సీనియర్లు, విదేశీ ఆటగాళ్లు వరసగా వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో నెట్టుకొచ్చి పట్టికలో అట్టడుగున నిలిచింది. అలా వెళ్లిపోయిన ఆటగాణ్ణి మొండివాడనో ద్రోహి అనో అనడం అన్యాయం. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం ఆగితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసిచ్చి, కనీసం 15 రోజులు గడువిచ్చి, అప్పటికీ డబ్బు రాకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు. అది అతని హక్కు.

కాబట్టి జీతం బాకీ ఉన్న క్లబ్‌కి ఉన్న దారి ఒక్కటే: బాకీ కట్టడం. జరిమానాలు, సస్పెన్షన్లు, ప్రెస్ మీట్లు అన్నీ ఆ తర్వాతి మాట. నోటీసు వచ్చాక లాయర్ దగ్గరికి పరుగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

గాయం ఉందని గానీ, మనసు బాగాలేదని గానీ ఆటగాడు చెబితే అది డాక్టరు చూడాల్సిన సంగతి. అతను అబద్ధమాడుతున్నాడని అనుమానం ఉన్నా డాక్టరు రిపోర్టు వచ్చేదాకా కోచ్ నోరు మెదపకూడదు.

ఇక జీతం అందుతోంది, ఒంట్లో బాగానే ఉంది, అయినా ఆడనంటున్నాడు. ఇప్పుడేం చేయాలి?

ఒక సంగతి ముందే చెప్పాలి. కాంట్రాక్టు ఉంది కదా, కోర్టుకెళ్లి ఆడించవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కుదరదు. మనిషి సొంత నైపుణ్యంతో చేయాల్సిన పనిని బలవంతంగా చేయించమని కోర్టులు ఆదేశించవు. ఇంగ్లండ్‌లో ఇది ఎప్పటినుంచో ఉన్న సూత్రం, మన దేశంలో 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ చెప్పేదీ అదే. కోర్టు నష్టపరిహారం ఇప్పించగలదు, ఇంకో చోట ఆడకుండా ఆపగలదు. మైదానంలోకి మాత్రం దింపలేదు. కాబట్టి క్లబ్ వాడే ఏ ఆయుధమైనా ఆటగాణ్ణి మళ్లీ ఆడాలనిపించేలా చేయాలి, లేదంటే అతని వల్ల రావాల్సిన డబ్బును కాపాడాలి. రెండూ చేయని ఆయుధం ఎందుకూ పనికిరాదు.

జరిమానా వేసి, తలుపు తెరిచి ఉంచడం

క్షణికావేశంలో జరిగిన గొడవకు ఇదే సరైన మందు. మాంచెస్టర్ సిటీ, కార్లోస్ టెవెజ్ కథను కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఇందులో క్లబ్ చేసిన తప్పూ ఉంది, ఒప్పూ ఉంది.

2011 సెప్టెంబర్ 27, మ్యూనిక్‌లో బయెర్న్‌తో చాంపియన్స్ లీగ్ మ్యాచ్. సిటీ 2-0తో వెనకబడి ఉంది. కోచ్ రొబెర్టో మాంచిని బెంచీ మీదున్న టెవెజ్‌ని సిద్ధం కమ్మన్నాడు. టెవెజ్ కదల్లేదు. మ్యాచ్ అవ్వగానే మాంచిని కెమెరాల ముందు అతని పని అయిపోయిందనీ, తన జట్టులో ఇక ఆడడనీ చెప్పేశాడు. టెవెజ్ మాత్రం ఆడనని తాను అనలేదని, అప్పటికే వార్మప్ చేశానని, తన మాటను తప్పుగా అర్థం చేసుకున్నారని వాదించాడు. క్లబ్ రెండు వారాలు సస్పెండ్ చేసి విచారణ జరిపింది. నాలుగు వారాల జీతం జరిమానా వేద్దామనుకుంది, కానీ ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు. చివరికి రెండు వారాలకే పరిమితమైంది. గమనించండి, కోచ్ టీవీలో అంత పెద్ద మాట అనేశాక కూడా, "మ్యాచ్ ఆడనన్నాడు" అన్న ఆరోపణ కాగితం మీద నిలబడలేదు. వార్మప్ విషయంలో మాట వినలేదన్నదే మిగిలింది.

నవంబర్‌లో టెవెజ్ అనుమతి లేకుండా అర్జెంటీనా వెళ్లిపోయాడు. ఈసారి క్లబ్ పని తేలికైంది. చెప్పకుండా పనికి రాకపోవడానికి సాక్ష్యాలు అక్కర్లేదు, హాజరు పట్టీ చాలు. జీతం ఆగింది, పెద్ద జరిమానాలు పడ్డాయి. జనవరిలో ఏసీ మిలాన్‌కి పంపే బేరం కుదరలేదు. ఫిబ్రవరిలో అతను తిరిగొచ్చి క్షమాపణ చెప్పాడు. మార్చి 21న చెల్సీ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి, సమీర్ నస్రీకి పాస్ ఇచ్చి గెలుపు గోల్ కొట్టించాడు. ఏప్రిల్‌లో నార్విచ్ మీద హ్యాట్రిక్. మే 13న క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఆఖరి మ్యాచ్‌లో మొదటి పదకొండు మందిలో ఉన్నాడు. పాయింట్లు సమానమైతే, గోల్ తేడా మీద సిటీ చాంపియన్ అయింది. 44 ఏళ్ల తర్వాత దక్కిన లీగ్ అది.

ఇక్కడ క్లబ్ పెద్దల ఓపిక మెచ్చుకోదగ్గది. కోచ్ ముగింపు పలికేసినా వాళ్లు కాంట్రాక్టు తెంచుకోలేదు, అయినకాడికి అమ్మలేదు. రూల్ ప్రకారం వెళ్లారు. మాంచిని కూడా తన మాటను మింగి అతన్ని మళ్లీ తీసుకున్నాడు. అది చిన్న విషయమేమీ కాదు. కానీ ఆ రాత్రి టీవీలో ఆ మాట అనకపోయి ఉంటే ఐదు నెలలు పోయేవి కావేమో అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఈ దారికి ఒక షరతు ఉంది: సహచరులు అతన్ని రానివ్వాలి. 1998లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో పియెర్ వాన్ హూయ్‌డాంక్ సమ్మె చేశాడు. అంతకుముందు సీజన్లో 34 గోల్స్ కొట్టి జట్టును ప్రీమియర్ లీగ్‌కి తెచ్చింది అతనే. జట్టును బలపరుస్తామన్న మాట తప్పి, తన జోడీ కెవిన్ క్యాంప్‌బెల్‌ని అమ్మేశారన్నది అతని ఫిర్యాదు. నెలల తరబడి హాలెండ్‌లో ఉండిపోయి నవంబర్‌లో తిరిగొచ్చాడు. డెర్బీ మీద గోల్ కొడితే, జట్టువాళ్లు అతని దగ్గరికి రాలేదు. ఫారెస్ట్ ఆ సీజన్లో ఆఖరి స్థానంతో కింది లీగ్‌కి పడిపోయింది. అతని ఫిర్యాదులో నిజం ఉందని నేననుకుంటాను. కానీ అప్పటిదాకా ఓడిన మ్యాచ్‌ల భారం మోసింది క్లబ్ పెద్దలు కాదు, ఆ సహచరులే. అందుకే తలుపు తెరిచే ముందు కెప్టెన్‌నీ, ఇద్దరు ముగ్గురు సీనియర్లనూ పిలిచి అడగాలి. వాళ్లు వద్దంటే కోచ్ ఎంత సర్దిచెప్పినా లాభం లేదు.

అమ్మకుండా పట్టుకుని కూర్చోవడం

పెద్ద క్లబ్ కన్నేసింది, ఆటగాడు వెళ్తానంటున్నాడు, కాంట్రాక్టు మూడు నాలుగేళ్లుంది. అప్పుడు పట్టుకోవచ్చు. ఈ విద్య లివర్‌పూల్‌కి బాగా వచ్చు. 2013 ఆగస్టులో లూయిస్ సువారెజ్ వెళ్లిపోతానని గొడవ చేస్తే, జట్టుకు దూరంగా ఒంటరిగా ట్రైనింగ్ చేయించారు. ఆర్సెనల్ 4 కోట్ల పౌండ్ల మీద ఒక్క పౌండు ఎక్కువిస్తామంది. క్లబ్ అమ్మలేదు. ఆ సీజన్లో సువారెజ్ 33 లీగ్ మ్యాచ్‌ల్లో 31 గోల్స్ కొట్టాడు, లివర్‌పూల్ టైటిల్‌కి అడుగు దూరంలో రెండో స్థానంలో ఆగింది. 2017లో ఫిలిప్ కౌటిన్యో కూడా బార్సిలోనా కోసం ట్రాన్స్‌ఫర్ లెటర్ పెట్టాడు. ఆగస్టులో ఆపారు, డిసెంబర్ దాకా ఆడించుకున్నారు, 2018 జనవరిలో సుమారు 14.2 కోట్ల పౌండ్లకు అమ్మారు. అదే జనవరిలో 7.5 కోట్లకు వర్జిల్ వాన్ డైక్ వచ్చాడు, వేసవిలో గోల్‌కీపర్ అలిసన్. 2019లో చాంపియన్స్ లీగ్ గెలిచారు.

ఈ రెండిట్లో ఒక పోలిక ఉంది. ఇద్దరూ మళ్లీ ఆడడానికి వాళ్లకంటూ కారణం ఉంది. సువారెజ్‌కి 2014 వరల్డ్ కప్ ముందుంది, కౌటిన్యోకి 2018ది. ఆడకపోతే దేశం జట్టులో చోటు కష్టం. పట్టుకోవాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు ఇది తప్పక చూడండి. ఆడకుండా కూర్చుంటే ఆటగాడికి ఏం పోతుంది? ఏమీ పోదంటే పట్టుకోవడం దండగ.

సైదో బెరహినో సంగతి అలాగే అయింది. 2015 వేసవి ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లను కొనడానికి, అమ్మడానికి ఉండే గడువు) ఆఖరి రోజున వెస్ట్ బ్రామ్ అతన్ని టాటెన్‌హామ్‌కి అమ్మలేదు. 2 కోట్ల పౌండ్లకు పైగా ఇస్తామన్నా కాదంది. కోపంతో అతను ఛైర్మన్ జెరెమీ పీస్ దగ్గర ఇక ఎప్పటికీ ఆడనని ట్వీట్ పెట్టాడు. తర్వాత ఆడాడు గానీ, ఆ పాత ఆటగాడు మళ్లీ కనిపించలేదు. 2017 జనవరిలో 1.2 కోట్లకు స్టోక్ సిటీకి పోయాడు. క్లబ్‌కి డబ్బు పోయింది, ఇరవై రెండేళ్ల కుర్రాడి కెరీర్ దెబ్బతింది. ఈ రెండో నష్టాన్ని ఎవరూ లెక్కలో వేయరు. వేయాలి.

ఇంకో ప్రమాదం: ఒంటరిగా ట్రైనింగ్ చేయించడం ఒక హద్దు దాటితే వేధింపు అవుతుంది. ఆటగాడే కాంట్రాక్టు తెంచుకునేలా క్లబ్ దురుసుగా ప్రవర్తిస్తే, అది అతనికి న్యాయమైన కారణమే అని ఫిఫా 2018లో నిబంధనల్లో చేర్చింది. విడిగా చేయించినా సరైన కోచ్, వసతులు, వైద్యం, జీతం అందాలి, ఎన్నాళ్లో ముందే చెప్పాలి.

మంచి ధరకు అమ్మడం

చాలా సందర్భాల్లో నా ఓటు దీనికే. అయితే ధర, గడువు క్లబ్ చేతిలో ఉండాలి. 2017 ఆగస్టులో ఉస్మాన్ డెంబెలే ట్రైనింగ్ ఎగ్గొడితే బొరుస్సియా డార్ట్‌మండ్ వెంటనే సస్పెండ్ చేసింది, ధర మాత్రం తగ్గించలేదు. రెండు వారాల తర్వాత బార్సిలోనా 10.5 కోట్ల యూరోలు, పైన బోనస్‌లు కలిపి ఒప్పుకుంది. ఏడాది క్రితం అతన్ని కొన్నది 1.5 కోట్లకే.

వెస్ట్ హామ్ 2017 జనవరిలో ఇంకోలా చేసింది. దిమిత్రి పయే మాకు ఆడనంటున్నాడని కోచ్ స్లావెన్ బిలిచ్ ప్రెస్ మీట్లో చెప్పేశాడు, అమ్మేది లేదని కూడా అన్నాడు. రెండు రోజులకే పయే లేకుండా క్రిస్టల్ ప్యాలెస్ మీద 3-0తో గెలిచారు. అందులో ఆండీ క్యారల్ గాల్లోకి లేచి వెనక్కి కొట్టిన సిజర్ కిక్ ఇప్పటికీ కళ్ల ముందుంటుంది. జట్టు అతను లేకుండా నిలబడింది, సంతోషం. కానీ బేరం దగ్గర క్లబ్ చెయ్యి కిందికి పోయింది. అమ్మక తప్పని సరుకని అందరికీ తెలిసిపోయాక ఎవరు ఎక్కువిస్తారు? నెలాఖర్లో మార్సెయ్ 2.5 కోట్ల పౌండ్లకు తీసుకెళ్లింది. కోటీ 7 లక్షలకు కొన్న 29 ఏళ్ల ఆటగాడికి అది మంచి లాభమే అనొచ్చు, నేనూ ఒప్పుకుంటాను. బిలిచ్ నిజాయతీ కూడా నాకు నచ్చింది. అయినా ఆ ప్రకటన విండో మూసే రోజు దాకా ఆగి ఉంటే బాగుండేది.

ఇక ఇసాక్. ఆగస్టు మొదట్లో లివర్‌పూల్ 11 కోట్ల పౌండ్లు ఇస్తామంటే న్యూకాసిల్ తిప్పికొట్టింది. సెప్టెంబర్ 1న, విండో ఆఖరి రోజు, 12.5 కోట్లకు అమ్మింది. అది బ్రిటిష్ రికార్డు. నెల రోజుల ఓపికకు కోటిన్నర ఎక్కువ వచ్చింది. కానీ ఆ నెలలో ఏమైందో కూడా చూడాలి: విల్లాతో 0-0, లివర్‌పూల్ చేతిలో 3-2 ఓటమి, లీడ్స్‌తో 0-0. మూడు మ్యాచ్‌లు, రెండే పాయింట్లు, రెండింట్లో గోల్ కొట్టేవాడే లేడు. అసలు లోపం ధర దగ్గర జరగలేదు. బదులు స్ట్రైకర్‌ని వెతకడం ఆలస్యమైంది. వోల్టెమాడె, విస్సా ఇద్దరూ విండో చివర్లోనే వచ్చారు. అమ్మకంలో మొండిగా ఉండాలంటే కొనుగోలు ముందే జరిగిపోవాలి.

కాంట్రాక్టులో ఏడాదే మిగిలితే లెక్క మారిపోతుంది. 1995 డిసెంబర్ నాటి బోస్మన్ తీర్పు తర్వాత గడువు తీరిన ఆటగాడు పైసా ఫీజు లేకుండా వెళ్లిపోవచ్చు. చివరి ఆరు నెలల్లో వేరే క్లబ్‌తో ముందే సంతకం కూడా చేయవచ్చు. అలాంటప్పుడు వేసవిలో వచ్చిన మంచి ధరను కాదనడం పంతమే తప్ప వ్యాపారం కాదు. మధ్యే మార్గంగా లోన్ మీద, అంటే కొంతకాలానికి వేరే క్లబ్‌కి, పంపొచ్చు గానీ, జీతం మొత్తం అవతలి క్లబ్ భరిస్తే, కొనే బాధ్యత రాతలో ఉంటేనే పంపాలి. లేకపోతే అదే గొడవ ఏడాది తర్వాత, తక్కువ ధరతో మళ్లీ గుమ్మంలో ఉంటుంది.

కాంట్రాక్టు రద్దు

ఇద్దరూ ఒప్పుకుని రద్దు చేసుకోవడం ఒకటి, క్లబ్ ఒక్కటే తెంచేసి దావా వేయడం ఇంకొకటి. మొదటిదానికి మాంచెస్టర్ యునైటెడ్‌లో క్రిస్టియానో రొనాల్డో మంచి ఉదాహరణ. 2022 అక్టోబర్ 19న టాటెన్‌హామ్‌తో మ్యాచ్‌లో సబ్‌గా దిగనన్నాడు, ఆట ముగియకముందే లోపలికి వెళ్లిపోయాడు. కోచ్ ఎరిక్ టెన్ హాగ్ ఆ తర్వాతి చెల్సీ మ్యాచ్‌కి పక్కన పెట్టాడు, వెంటనే మళ్లీ తీసుకున్నాడు. అది పద్ధతిగా జరిగింది. నవంబర్‌లో అతను టీవీ ఇంటర్వ్యూలో క్లబ్‌నీ కోచ్‌నీ కలిపి తిట్టాక ఇక మిగిలిందేమీ లేదు. 22న ఇద్దరూ ఒప్పుకుని తెంచుకున్నారు. వయసు 37, కాంట్రాక్టు ఏడు నెలలు, పెద్ద ధర పెట్టి కొనేవాళ్లు లేరు. పోయే డబ్బు లేదు, మిగిలే జీతం మాత్రం చాలా ఉంది. ఇలాంటి చోట రద్దే సరైనది.

కోట్లు పోసి కొన్న పాతికేళ్ల ఆటగాడి విషయంలో మాత్రం రద్దు అన్నమాటే ఎత్తకూడదు. పెట్టిన ఫీజంతా ఆ సంతకంతో పోతుంది. పరిహారం వస్తుంది కదా అంటారు. రావచ్చు, ఏళ్లు పడుతుంది, ఎంతొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆండీ వెబ్‌స్టర్ 2006లో హార్ట్స్‌ని వదిలేసి విగన్‌కి వెళ్తే, క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు 2008లో లక్షన్నర పౌండ్లు చాలంది. ఏడాది తర్వాత, కాంట్రాక్టు మధ్యలో షాక్తార్ క్లబ్‌ని వదిలేసిన మతుజాలెం కేసులో అదే కోర్టు షాక్తార్‌కి 1.18 కోట్ల యూరోలు ఇవ్వమంది. డ్రగ్స్ పరీక్షలో దొరికాడని 2004లో అడ్రియన్ ముటును తీసేసిన చెల్సీకి అతను 1.71 కోట్ల యూరోలు ఇవ్వాలని ఫిఫా తేల్చింది, కానీ అందులో అతన్ని తర్వాత తీసుకున్న జువెంటస్, లివోర్నో క్లబ్బుల వంతు కూడా ఉందన్న వాదనను 2015లో కొట్టేశారు. గెలిచిన తీర్పును వసూలు చేసుకోవడం ఇంకో యుద్ధం.

పైగా నేల కదులుతోంది. లసానా దియారా 2014లో లోకోమోటివ్ మాస్కోతో జీతం దగ్గర గొడవపడ్డాడు, క్లబ్ కాంట్రాక్టు తెంచి అతని మీద 1.05 కోట్ల యూరోల తీర్పు తెచ్చుకుంది. ఆ పరిహారాన్ని కొత్త క్లబ్ కూడా మోయాలన్న ఫిఫా నిబంధన వల్ల బెల్జియంలోని షార్లెరువాకి అతను వెళ్లలేకపోయాడు. 2024 అక్టోబర్ 4న యూరోపియన్ యూనియన్ కోర్టు అలాంటి నిబంధనలు యూనియన్ చట్టానికి విరుద్ధమని చెప్పింది. ఫిఫా వాటిని మార్చాల్సి వచ్చింది. పరిహారం మీద ఆశతో రద్దు చేసుకునే క్లబ్ ఇవాళ పదేళ్ల క్రితం కంటే ఎక్కువ ప్రమాదంలో ఉంది.

మన ఊళ్లలో అకాడమీలు, చిన్న క్లబ్బులు నడిపేవాళ్లకు ఒక మాట. పైన చెప్పిన కథల్లో చాలావాటికి మూలం నోటిమాట. ఇసాక్ తనకు మాటిచ్చి తప్పారన్నాడు, క్లబ్ అలాంటి మాటేదీ ఇవ్వలేదంది. వాన్ హూయ్‌డాంక్‌ది మాట తప్పారన్న బాధే. సువారెజ్ సంగతి వేరు, మాట రాతలోనే ఉంది: కాంట్రాక్టులో 4 కోట్ల పౌండ్లు దాటిన ఆఫర్ గురించిన క్లాజు (షరతు) ఉండటమే ఆర్సెనల్ ఆ వింత అంకె పెట్టడానికి కారణం. ఆ క్లాజు ఉన్నా అమ్మకూడదనుకున్నామని యజమాని జాన్ హెన్రీ తర్వాత చెప్పాడు. ఆటగాడికి "మంచి ఆఫర్ వస్తే పంపిస్తాం" అని చెప్పాలనుకుంటే, ఎంతకు, ఏ తేదీలోపు, ఎవరి ద్వారా అన్నది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. రాయడానికి ఇష్టం లేని మాటను చెప్పకండి. 2013 డిసెంబర్‌లో సువారెజ్‌తో కొత్త కాంట్రాక్టు రాసుకున్న లివర్‌పూల్, మరుసటి జూలైలో ఆర్సెనల్ ఇస్తానన్నదాని కంటే ఎంతో ఎక్కువకు అతన్ని బార్సిలోనాకి పంపింది. ఆ వేసవిలో అతను ఒంటరిగా ట్రైనింగ్ చేయాల్సిన అవసరం రాలేదు.